బియ్యపు మిల్లు వారసత్వం కాదా?

గోదావరి మండలంలో వారసత్వమనగానే మన దృష్టి ఆలయ గోపురాల మీదికి, శాసన స్తంభాల మీదికి పోతుంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టకు, 1900లో ప్రారంభమైన హేవలాక్ వంతెనకు కూడా ఆ గౌరవంలో కొంత భాగం దక్కింది. ఆ నీటితో పండిన ధాన్యాన్ని బియ్యం చేసి రైలుకెక్కించిన మిల్లుకు మాత్రం చరిత్రలో చోటు దొరకలేదు. తాడేపల్లిగూడెం వంటి పట్టణాన్ని కాలువ, రైలు, మిల్లు మూడూ కలిసి తీర్చిదిద్దాయి. ఒకదానిని చెరిపివేస్తే తక్కిన రెండింటి అర్థమూ కుంటుపడుతుంది.

ఈ ఉపేక్షకు మూలం మన చట్టదృష్టిలోనే ఉంది. 1958లో పార్లమెంటు బియ్యపు మిల్లుల పరిశ్రమను నియంత్రించే చట్టాన్నీ, ప్రాచీన కట్టడాలను రక్షించే చట్టాన్నీ చేసింది. మొదటిది మిల్లును అనుమతికి లోబడిన వ్యాపారంగా చూసింది. రెండవది నూరేళ్ళు నిండని కట్టడాన్ని లెక్కలోకే తీసుకోదు. పాత హల్లరు ఊకనూ తవుడునూ కలిపి రాల్చి, నూకలు పెంచేది. దాని స్థానంలో రబ్బరు రోలర్లు రావడం సమంజసమే. కాని వాడుక తీరిన ప్రతి యంత్రమూ పాత ఇనుము ధరకు పోవడం సమంజసం కాదు.

సాహిత్యంలో మనం ఇంతకంటె వివేకం చూపాము. మిల్లు వచ్చి రోకలిని మూలకు నెట్టిన కాలంలో దంపుళ్ళ పాటలను సేకర్తలు గ్రంథస్థం చేశారు. ఆచార్య బిరుదురాజు రామరాజు జానపద గేయాలకు విశ్వవిద్యాలయ పరిశోధనలో స్థానం కల్పించారు. పాటను మౌనం చేసిన యంత్రమే నేడు మౌనమవుతుంటే ఆ శ్రద్ధ ఏమైనట్లు? దంపుడు కూలితో బతికిన స్త్రీల జీవిక మిల్లు వల్ల పోయిన మాట నిజం. పరిరక్షణ ఆ నిజాన్ని కప్పిపుచ్చరాదు. రోకలినీ హల్లరునూ పక్కపక్కన నిలిపి చెప్పాలి.

అమెరికాలోని మినియాపొలిస్‌లో 1880 నాటి వాష్‌బర్న్ పిండిమిల్లు 1991లో అగ్నికి ఆహుతైంది. మిగిలిన గోడల నడుమనే 2003లో మ్యూజియం వెలిసింది. ఇక్కడ, 1934లో నెలకొల్పిన వరంగల్ ఆజంజాహీ బట్టల మిల్లు భవనాలు చాలావరకు నేలమట్టమయ్యాయి.

అన్ని మిల్లులనూ కాపాడమని ఎవరూ కోరరు. యజమాని హక్కును కాదనీ కోరరు. తగిన పరిహారంతో డెల్టాలో ఒక్కటైనా యంత్రాలతో సహా నిలవాలి. అందులో పనిచేసినవారి మాటలను వారుండగానే నమోదు చేయాలి. గోడలకు మరమ్మతు చేయవచ్చు. ఆ జ్ఞాపకాలకు మరమ్మతు లేదు.