ఇన్‌స్టాల్ నొక్కేముందు

లినక్స్ వేసి పెట్టమని ఎవరైనా లాప్‌టాప్ తెస్తే, నేను నిదానంగా చదివే పేజీ ఒకటుంది: డిస్కును పార్టిషన్లుగా విడగొట్టేది. భాష, టైమ్ జోన్, పాస్‌వర్డ్ తర్వాతైనా మార్చుకోవచ్చు. బూట్ పార్టిషన్ విషయంలో అంత వెసులుబాటు ఉండదు.

పవర్ బటన్ నొక్కగానే మేలుకునే ఫర్మ్‌వేర్‌కు విండోస్, లినక్స్ వాడే ఫైల్ సిస్టమ్‌లు మామూలుగా అర్థం కావు. అది కచ్చితంగా చదవగలిగేది ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌ను. అందుకే యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ ఉన్న కంప్యూటర్లలో ఇన్‌స్టాలర్ ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ అనే చిన్న భాగాన్ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, సిస్టమ్‌ను లేపే బూట్‌లోడర్‌ను అందులో పెట్టి, దాని జాడను మదర్‌బోర్డు మెమరీలో రాస్తుంది. పాత బయోస్ పద్ధతిలో బూట్‌లోడర్ మొదలయ్యేది డిస్కు మొదటి సెక్టార్‌లో, దాని పరిమాణం 512 బైట్లు. అందులో బూట్ కోడ్‌కు మిగిలేది 446 బైట్లే.

ఇప్పుడు చోటుకు కరువు లేదు, అయినా పొదుపు పోలేదు. ఖాళీ డిస్కు మీద విండోస్ 10 ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కు మామూలుగా 100 ఎంబీ ఇస్తుంది. తన ఫైళ్ళకు అది చాలు. పక్కన లినక్స్ బూట్‌లోడర్ గ్రబ్ చేరినా ఇబ్బంది లేదు. లినక్స్ కెర్నెల్‌ను కూడా అక్కడే ఉంచే మరో బూట్‌లోడర్ సిస్టమ్‌డీ-బూట్‌కు మారితే మాత్రం ఇరుకవుతుంది. పెంచుదామంటే వెనకే మరో పార్టిషన్ ఉంటుంది. ఫెడోరా ఇన్‌స్టాలర్ చాలాకాలం ఈఎఫ్‌ఐకి 600 ఎంబీ, కెర్నెళ్ళుండే బూట్ అనే పార్టిషన్‌కు విడిగా 1 జీబీ ఇచ్చింది. ఆ ధారాళానికి కారణముంది. కొత్త కెర్నెల్ మొరాయించిన రోజు పాతది పక్కనే ఉంటేనే పని ఆగదు.

అంతకంటే పెద్ద ప్రమాదం ఫార్మాట్ టిక్కు. ఒకే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో మైక్రోసాఫ్ట్, ఉబుంటూ వేర్వేరు ఫోల్డర్లలో సర్దుకుంటాయి. మాన్యువల్ పద్ధతిలో పొరపాటున దాన్ని ఫార్మాట్ చేస్తే విండోస్‌లోని ఫొటోలు, ఫైళ్ళు చెక్కుచెదరవు, కానీ విండోస్ లేవదు. లాప్‌టాప్ తెచ్చినవాళ్ళకు మాత్రం అన్నీ పోయినట్టే అనిపిస్తుంది.

ఆటోమేటిక్ పద్ధతిని నేను కాదనను. దానివల్లే లక్షలమంది ధైర్యంగా కొత్త సిస్టమ్ వేసుకుంటున్నారు. నా కోరిక ఒక్కటే. పాత బూట్ పార్టిషన్‌నే వాడుతున్నానా, కొత్తది చేస్తున్నానా, దేన్ని చెరిపేస్తున్నానన్నది ఇన్‌స్టాలర్ మామూలు మాటల్లో చెప్పాలి. మన వంతుగా ముందు బ్యాకప్ తీసుకుందాం. కొత్త డిస్కయితే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కు 1 జీబీ ఇద్దాం. వేరే సిస్టమ్ ఉన్న డిస్కయితే ఆ ఫార్మాట్ టిక్కు తీసేశామో లేదో మరోసారి చూసుకుందాం.