అరువు చూపు

బత్తలపల్లె కుర్రవాడొకడు ఆమధ్య తన కవితల నోటుపుస్తకం తెచ్చి మా చేతిలో పెట్టాడు. దూదేకుల ఇల్లు. తండ్రి వాన మీద ఆధారపడి శెనక్కాయ వేస్తాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, అదీ అనంతపురం తెలుగు. కవితల్లో మాత్రం ఎక్కడ చూసినా దస్తర్‌ఖాన్, దాదీమా, చిల్‌మన్.

“మీ ఇంట్లో దస్తర్‌ఖాన్ పరుస్తారా?” అని అడిగాం.

“లేదు సార్, చాప మీద కూచోని తింటాం.”

“మరెందుకు రాసినావు?”

“అట్ల రాయకుంటే ముస్లిం కవిత అనుకోరు కద సార్.”

ఆ జవాబుకు అతన్ని తప్పుపట్టే అర్హత మాకు లేదు. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో ‘జల్‌జలా’ వచ్చేనాటికి మేము బి.ఏ. విద్యార్థులం. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ అంతకు ఏడేళ్ళ ముందే, 1991లో వచ్చింది. రెండూ చదివి ఊగిపోయాం. మేమూ రాశాం. మాది ఉర్దూ ఇల్లు కనుక మాటలు మావే. చూపు మాత్రం అరువు తెచ్చుకున్నదే. మా వీధిలో మమ్మల్ని ఎవరు అనుమానించారో, ఎవరు అనుమానించలేదో గమనించకుండానే ద్రోహి ముద్ర గురించి పేజీలు నింపాం. ఆ ముద్ర అబద్ధమని కాదు. అది మా మీద ఎట్లా పడిందో మేము చూసుకోలేదు, అంతే. ‘పుట్టుమచ్చ’ వచ్చేనాటికి ముస్లిం కవిత ఇట్లా ఉండాలని ఎవరూ నిర్ణయించి ఉండలేదు. దాని బలంలో సగం అక్కడే ఉందని ఇప్పుడు తోస్తుంది. మేము ఆ బలాన్ని మూసగా మార్చుకున్నాం.

మూసలో పడని రచన ఎట్లా ఉంటుందో చూడాలంటే పక్క జిల్లాకు పోతే చాలు. కడప జిల్లా వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కథలు 2011లో పుస్తకమై, 2012లో కేంద్ర సాహిత్య అకాడెమీ యువ పురస్కారం పొందాయి. హైదరాబాదు మక్కా మసీదులో 2007 మే 18న, శుక్రవారం నాడు బాంబు పేలింది. మాలాంటి వాళ్ళ చేతిలో పడితే అది నెత్తురు, గుమ్మటం, చరిత్ర అయ్యేది. షరీఫ్ ఒక తల్లిని పట్టుకున్నాడు. జుమ్మా నమాజు తప్పొద్దని కొడుకు వెంటపడే తల్లి, ఆ పేలుడు తర్వాత తానే మసీదుకు పోవద్దంటుంది. ఆమె నోట ఆ మాట రావడానికి ఎంత కూలిపోవాలో పాఠకుడికి విడమర్చి చెప్పనక్కర్లేదు. ఆ తల్లిని అతను ఎవరి పుస్తకంలోంచీ తెచ్చుకోలేదు.

మరి బత్తలపల్లె కుర్రవాడి దగ్గర ఏముంది? నార్పల మండలం గూగూడు ఉంది. మొహర్రంకు కుళ్ళాయిస్వామి పీరు లేస్తే ఏ మతమని చూడకుండా జనం పోతారు. కుళ్ళాయప్ప అనే పేరు హిందువుల ఇళ్ళలోనూ పెట్టుకుంటారు. దీని గురించి మనవాళ్ళు రాసింది తక్కువ. రాస్తే ఇది ఇస్లాం కాదని పెద్దలు కసురుతారు. లౌకికవాద మిత్రులు (నొచ్చుకోకూడదు) మతసామరస్యం అని ఫోటో తీసుకుని బస్సెక్కుతారు. గుండం ముందు నిలబడి వానకు మొక్కుకునే దూదేకుల అవ్వ ఈ రెంటిలోనూ లేదు. అవ్వను చూడాల్సింది ఆమె మనవడే. ఆ మనవడేమో మాకోసం దస్తర్‌ఖాన్ పరుస్తున్నాడు!

మాకోసం అని ఊరికే అనలేదు. ఉర్దూ రాదని దూదేకులవాళ్ళను సగం ముస్లింలుగా చూసి నవ్విన ఇళ్ళలో మాదీ ఒకటి. చిన్నప్పుడు మేమూ నవ్వాం. ఆ నవ్వుకు భయపడే ఈ కుర్రవాడు నిఘంటువు తిరగేస్తున్నాడు. అతని కవితలో అరువు మాటలున్నాయని విమర్శించేవాళ్ళు ఆ అప్పు ఎవరు అంటగట్టారో కూడా చెప్పాలి.

నోటుపుస్తకం తిరిగి ఇవ్వబోతూ వెనకవైపు తెరిచాం. వాళ్ళ నాయన రాసుకున్న లెక్కలు. విత్తనాలకు ఇంత, ట్రాక్టరుకు ఇంత, గూగూడులో చక్కెర చదివింపులకు ఇంత. శెనక్కాయ అమ్మిన డబ్బు రాయాల్సిన చోట గీత మాత్రమే ఉంది.

“అది మా నాయనది సార్. కవితలు ముందుపక్క ఉండాయి” అన్నాడు కుర్రవాడు, సిగ్గుపడుతూ.