హసన్ ఫతీ ‘పేదల వాస్తుశిల్పం’: ఒక పరిశీలన

ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతీ (1900–1989) గుర్నా గ్రామ నిర్మాణంలో తాము పొందిన అనుభవాలను గ్రంథస్థం చేసి 1969లో కైరోలో ప్రచురించారు. 1973లో షికాగో విశ్వవిద్యాలయం దానినే ‘ఆర్కిటెక్చర్ ఫర్ ది పూర్’ అనే పేరుతో వెలువరించిన పిమ్మట అది లోకప్రసిద్ధమైంది. పేద దేశాలలో గృహనిర్మాణాన్ని గురించి ఆలోచించేవారు తప్పక చదవవలసిన గ్రంథమిది. అయితే చదివి ప్రశ్నించకుండా ఉండరాదు.

గ్రంథకర్త వాదం సూటిగా ఉంది. పేదవాని చేతిలో డబ్బు లేదు. కాలి కింద మట్టి ఉంది. పచ్చి ఇటుకతో గోడ సులువుగా లేస్తుంది. చిక్కంతా కప్పుతోనే. యుద్ధకాలంలో ఉక్కు, కలప కరువైనప్పుడు ఆయనకు దారి చూపినవారు అస్వాన్ ప్రాంతపు నూబియా మేస్త్రీలు. వారు వెనుక గోడకు ఆనించి ఇటుక వరుసలను ఏటవాలుగా పేర్చుకుంటూ వస్తారు. ప్రతి వరుస ముందరి వరుసను అంటుకుని నిలుస్తుంది. సెంట్రింగ్ కర్ర ఒక్కటి కూడా లేకుండా కమాను కప్పు పూర్తవుతుంది. చదువులేని పనివారి వద్ద ఇంతటి విద్య ఉన్నదని గుర్తించి చాటడం ఫతీ చేసిన గొప్ప సేవ.

ఇక గుర్నా సంగతి. లక్సర్‌కు ఎదురుగా, నైలు పడమటి ఒడ్డున, ప్రాచీన సమాధుల మీదనే సుమారు 7,000 మంది కాపురముండేవారు. సమాధులలోని వస్తువుల వ్యాపారం వారిలో అనేకులకు జీవనాధారం. ఆ దొంగతనాలను అరికట్టదలచి పురావస్తు శాఖ వారిని తరలించ నిశ్చయించి, కొత్త గ్రామ నిర్మాణాన్ని ఫతీకి అప్పగించింది. 1945లో మొదలైన పని కొన్ని ఏళ్లకే ఆగిపోయింది. తలపెట్టిన ఊరిలో కొంత భాగమే లేచింది. గుర్నావాసులు అందులోకి రావడానికి నిరాకరించారు.

ఈ వైఫల్యానికి గ్రంథకర్త ప్రధానంగా అధికారుల అలసత్వాన్ని, గ్రామస్థుల ప్రతిఘటనను కారణాలుగా చూపుతారు. అది నిజమే కాని, సగం నిజం. ఇంటి యజమాని, మేస్త్రీ, వాస్తుశిల్పి ముగ్గురూ కలిసి ఇల్లు కట్టాలన్నది ఆయన సిద్ధాంతం. గుర్నా పేదవానిని గది ఎలా ఉండాలని అడగడానికి ఆయన సిద్ధమే. అసలు ఊరు విడుస్తావా అని ఎవరు అడిగారు? చేతివృత్తులు నేర్పాలని ఆయన సంకల్పించారు, కాని ఆ బ్రతుకుతెరువు కుదురుకోకముందే పాతది వదలమన్నారు.

గుమ్మటం కథ కూడా ఇటువంటిదే. ఆ ప్రాంతంలో గుమ్మటం సమాధులకు కట్టేది. దాని కింద కాపురం చేయడం వారికి రుచించలేదని పలువురు విమర్శకులు వ్రాశారు. అదే గుమ్మటం మసీదు మీద ఎవరికీ అభ్యంతరం కాలేదు. కొత్త గుర్నాలో తర్వాత చేరినవారు అనేక ఇళ్లను కూల్చి కాంక్రీటుతో కట్టుకున్నారు. మసీదు మాత్రం నిలిచింది. మట్టి కట్టడానికి ఎప్పటికప్పుడు పూత వేయాలి. తమదనుకున్న దానికే మనుషులు ఆ శ్రమ చేస్తారు.

2006 నుంచి ప్రభుత్వం పాత గుర్నా ఇళ్లను కూల్చి, ప్రజలను మరో కొత్త కాలనీకి తరలించింది. ఈసారి మట్టి లేదు, ఫతీ లేరు; పైనుంచి వచ్చిన ఉత్తరువు మాత్రం మారలేదు. మన్నికైన నిర్మాణమంటే ఏ ఇటుక అన్న ప్రశ్న ఒక్కటే కాదని గుర్నా రెండుసార్లు చెప్పింది. ఆ ఇటుకను ఎంచుకోవడం నేర్చుకోవడానికి ఈ గ్రంథం చదవాలి. ఎవరి అంగీకారంతో దానిని పేర్చాలో దీనికి వెలుపల వెదకాలి.