పాలరాయి కాదు, సున్నపురాయి

అమరావతి శిల్పములను ‘పాలరాతి శిల్పము’లని చెప్పుట మనకు అలవాటైనది. సరూర్‌నగర్‌లో నా తరగతి విద్యార్థులును అట్లే వ్రాయుదురు. ఇది సరికాదు. అది పలనాటి సున్నపురాయి. సున్నపురాయి భూగర్భమున వేడికి, ఒత్తిడికి లోనై రూపాంతరము చెందిననే పాలరాయి యగును. ఐరోపా మధ్యయుగ శిల్పులు చెక్కిన అలబాస్టరు ఈ రెంటికిని వేరు. అది జిప్సము, గోటితో గీచినను గీత పడును.

పేరు తప్పైన నష్టమేమి? దొనకొండ దగ్గరి చందవరము నుండి అపహరింపబడిన సున్నపురాతి ఫలకమును 2005లో ఆస్ట్రేలియా జాతీయ కళాప్రదర్శనశాల కొనెను. 2016లో మనకు తిరిగి ఇచ్చెను. రాతి జాతి, దొరికిన చోటు, ఛాయాచిత్రము, ఈ మూడును సరిగా నమోదైనపుడే దొంగసొత్తును గుర్తించుట సులభము. ఆ నమోదులో మొదటి మాట రాతి పేరు. ఉపాధ్యాయులు దానిని తరగతిలోనే సరిదిద్దవలెను.