సంత రోజు మాత్ర

నోటిపూతకు పూసే మందు కావాలని ఒకబ్బాయి మా షాపుకొచ్చాడు. ఎవరికని అడిగాను. "మా అమ్మకండి. మూడు రోజులుగా మజ్జిగన్నం కూడా మింగలేకపోతోంది." ఆవిడ పేరు చెప్పగానే నాకు చెమటలు పట్టాయి. ఎనిమిది రోజుల కిందట కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ ఇచ్చింది నేనే. రద్దీలో కవరు మీద "రాత్రి 1" అని గీకిందీ నేనే. వారానికి ఒక్కసారి వేసుకోవలసిన మాత్రను ఆవిడ రోజూ వేసుకుంది.

ఆ పూటే ఆసుపత్రిలో చేర్పించాం. తెల్లకణాలు పడిపోయాయి. విరుగుడు ఇంజెక్షన్లతో కోలుకుంది. ఇది చాలా ఏళ్ల నాటి మాట.

ఇప్పుడు ఆ మందు చీటీ వస్తే, తెచ్చినవాళ్లకు స్టూలు లాగి కూర్చోబెడతాను. ఆమధ్య ఒకావిడనూ అలాగే.

"ఏ వారం వేసుకుంటావమ్మా? సోమవారం?"

"ఉపవాసం బాబూ."

"శనివారం?"

"ఒంటిపొద్దు."

చివరికి బుధవారం కుదిరింది. వాళ్ల ఊళ్లో ఆ రోజు సంత. సంత నుంచి వచ్చి, అన్నం తిని, మాత్ర. కవరు మీద "సంత రోజు మాత్రమే" అని పెద్దక్షరాలతో రాసి, ఆవిడ చేతే మళ్లీ చెప్పించాను.

దీనికి తోడు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. డాక్టరు చెప్పిన వేరే రోజున వేసుకోవాలి. చిక్కేమిటంటే చాలా కంపెనీలవి రెండూ చిన్న పసుపు బిళ్లలే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందమే అమెరికాలోని లెడర్లీలో ఈ రెండింటినీ తయారుచేసింది. ఒకటి విటమిన్, రెండోది దాని పనికి అడ్డుపడేది. ఒక ఇంట్లో పుట్టిన దాయాదులన్న మాట. అవి కలగలిసిపోకుండా ఒకదాని పట్టీకి ఎర్ర దారం కట్టి ఇస్తాను.

ఫోన్‌లో చూసి "ఇది క్యాన్సర్ మందట కదా!" అని కంగారుగా వచ్చేవాళ్లూ ఉన్నారు. మొదట దానికే వాడారు, నిజమే. కీళ్లవాతానికి ఇచ్చే మోతాదు చాలా తక్కువ. అయినా రక్తపరీక్షలు మానకూడదు, మద్యం పుచ్చుకోకూడదు. పెళ్లయిన అమ్మాయైతే కడుపు సంగతి అడగాలి. నలుగురి ముందు కౌంటర్ దగ్గర అడిగితే ఎవరు చెబుతారు? మా బీరువా వెనక అడుగున్నర చోటుంది, అక్కడికి పిలుస్తాను.

అన్నిటికన్నా కష్టం ఆగమని చెప్పడం. నొప్పి బిళ్ల గంటలో తెలుస్తుంది. ఇది గుణం చూపడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మూడో వారంలో "పనిచేయట్లేదు" అని మానేసి, నొప్పి బిళ్లలతోనే నెట్టుకొస్తే కీళ్లు లోపల అరిగిపోతూనే ఉంటాయి.

గుణం తెలుసుకోవాలని, పొద్దున లేచాక కీళ్లు ఎంతసేపు బిగుసుకుని ఉంటున్నాయని అడిగితే ఎవరూ నిమిషాల్లో చెప్పలేరు. సంత రోజు మాత్ర వేసుకునే ఆవిడను మాత్రం "ముగ్గు ఎన్నింటికి పడుతోందమ్మా?" అని అడుగుతాను. మొదట్లో చిటికెడు పిండి పట్టుకోవడానికి తొమ్మిదయ్యేది. మొన్న మందుకొచ్చినప్పుడు నేను అడగకముందే చెప్పింది: "ఏడింటికే అయిపోతోంది బాబూ. చుక్కలదే."