తొడగని జోళ్ళు

మొన్న సంక్రాంతికి మా అక్క కొడుకు హైదరాబాదు నుంచి వస్తూ, రైల్లో రాత్రంతా ఓ అట్టపెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడట. బిస్కెట్లేమో అనుకుంది మా అక్క. మూత తీస్తే లోపల పల్చటి కాగితం మడతల్లో ఒక జత బూట్లు!

"నేను పుట్టిన ఏడాది తయారైన జత, పిన్నీ! ఇంతవరకు ఇందులో ఎవరూ కాలు పెట్టలేదు" అన్నాడు. ధర అడిగితే కాస్త నసిగి, 42 వేలన్నాడు.

"పాతికేళ్ళ నాటి సరుకు మనం తీసుకెళ్తే వాళ్ళే ఎదురు డబ్బివ్వాలి కదరా!" అన్నారు రిటైరైన మాస్టారు మా బావగారు. వాడు నవ్వి, పెట్టెని బీరువా మీద పెట్టాడు. తొడుక్కోడానికి కాదట, దాచుకోడానికట.

పండగ సాయంత్రం మాత్రం ఫోటో కోసం తొడుక్కుని, మాతో పుష్కరాల రేవుకి వచ్చాడు. నాలుగు మెట్లు దిగాడో లేదో, అడుగు భాగం మినపసున్నిలా పొడిపొడిగా రాలిపోయింది. పిల్లాడి మొహం చూడలేకపోయాను. ఏడు నెలలు కూడబెట్టిన డబ్బు మరి! పొద్దున్నుంచీ వాణ్ణి ఆటపట్టిస్తున్న బావగారు ఒక్క మాటైనా అనలేదు. తన హవాయి చెప్పులు విడిచి వాడి ముందు పెట్టి, తాను ఉత్తకాళ్ళతో ఆటో దాకా నడిచారు.

తప్పు అమ్మినవాడిది అనడానికీ లేదు. ఇలాంటి చాలా బూట్ల అడుగున మెత్తదనం కోసం పాలీయూరితేన్ అనే నురుగు పదార్థం వేస్తారు. ఏళ్ళు గడిచేకొద్దీ గాలిలోని తేమ దాన్ని లోపల్లోపలే విరిచేస్తుంది. పెట్టెలో భద్రంగా ఉన్నా అంతే. పైకి కొత్త పెళ్ళికొడుకులా ఉంటుంది, బరువు పడితే రాలిపోతుంది. ఇక మన గోదావరి గాలిలో తేమకి కొదవా!

ఆ రాత్రి వాడి పక్కన కూర్చుని, వాడు కొనే అంగళ్ళన్నీ ఫోన్లో చూపించమన్నాను. నవలలు రాసుకునేదాన్ని, వర్ణన కనబడితే ఆగి చదవడం నా జబ్బు. చదివాక ఓ విమర్శకురాలిగా నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ముందు కథావస్తువు. కంపెనీ ఒక రకం బూట్లు కావాలనే కొద్ది జతలు చేస్తుంది. కొనాలనుకున్నవాళ్ళు పేర్లిచ్చుకుంటే లాటరీ తీస్తారు. దొరికినవాళ్ళలో చాలామంది తొడుక్కోరు, మర్నాడే ఎక్కువ ధరకి అమ్మకానికి పెడతారు. అమెరికాలోని డెట్రాయిట్లో 2016లో మొదలైన స్టాక్ఎక్స్ అచ్చంగా షేర్ బజారు పద్ధతిలో నడుస్తుంది. కొనేవాడు తన ధర చెబుతాడు, అమ్మేవాడు తన ధర చెబుతాడు, రెండూ కలిసిన చోట బేరం కుదురుతుంది. మన దేశంలోనూ ముంబైలో, ఢిల్లీలో ఇలాంటి వ్యాపారాలు పుట్టాయి. ఒకప్పుడు కరువు వస్తే ధర పెరిగేది. ఇప్పుడు ధర పెరగడానికి కరువుని తయారుచేస్తున్నారు. ఇతివృత్తంలో మొదటి లోపం అదే.

ఇక భాష. "ఎన్నడూ తొడగలేదు", "పెట్టె చెక్కుచెదరలేదు", "ఒక్క ముడతా లేదు"... ప్రతి వర్ణనా ఇంతే. ఏది ఉందో చెప్పరు, ఏది జరగలేదో చెబుతారు. నాయిక గురించి 'ఈమె ఎన్నడూ నవ్వలేదు, ఏడవలేదు, గడప దాటలేదు' అని రాస్తే మీరు ఆ నవల చదువుతారా? ఇక్కడ మాత్రం అదే గొప్ప గుణం. మాటల నిజాయితీ సంగతి కూడా చెప్పాలి. స్టాక్ఎక్స్‌లో తాము కొన్న జతల్లో నాలుగు నకిలీవని 2022లో నైకీ కంపెనీ కోర్టులో ఆరోపించింది. అదే ఏడాది స్టాక్ఎక్స్ తన ముద్ర మీద 'అసలైనదని నిర్ధారించాం' అనే మాట తీసేసి 'పరిశీలించాం' అనే మాట పెట్టుకుంది. రచయితలం, మాట మార్చడంలో ఎంత అర్థం ఉంటుందో మనకి తెలీదూ!

అసలు ఈ బూట్ల కథ మొదలైంది ఓ వంటింట్లో. అమెరికాలోని ఓరెగన్లో బిల్ బోవర్‌మన్ అనే పరుగు పందాల గురువు, 1971లో తన భార్య బార్బరా వాఫిల్ పెనం చూసి, ఆ గళ్ళ నమూనాలో అడుగు పోస్తే నేలని బాగా పట్టుకుంటుందనుకున్నాడు. వాఫిల్ అంటే గళ్ళుగళ్ళుగా కాలే ఓ రకం అట్టు. ఆ పెనంలో రబ్బరు లాంటి పదార్థం పోశాడు. అది అంటుకుపోయి పెనం పనికిరాకుండా పోయింది! మన గుంటపొంగనాల పెనంలో మావారెవరైనా అలా పోస్తే ఏం జరిగేదో నేను వేరే చెప్పక్కర్లేదు. ఆ ఆలోచనలోంచే 1972లో 'మూన్ షూ' అనే జోళ్ళు కొన్ని జతలు చేతితో చేశారు. వాటిలో తొడగకుండా మిగిలిన ఒక జత 2019లో సోథెబీస్ వేలంలో 4 లక్షల 37 వేల 500 డాలర్లకి, అంటే దాదాపు 3 కోట్ల రూపాయలకి పోయింది.

చూశారా, తొడగనిదానికే విలువ అంటారా? ఆగండి. 1998 ఫైనల్సులో ఓ ఆటకి మైకేల్ జోర్డాన్ తొడుక్కుని ఆడి, ఆట అయ్యాక బంతులందించే కుర్రాడికి ఇచ్చేసిన జత, 2023లో అదే సంస్థ వేలంలో 22 లక్షల డాలర్లు పలికింది. దాదాపు 18 కోట్లు! చెమట పట్టిన జోడు, చెమట ఎరగని జోడుకి ఐదారు రెట్లు.

ఈ లెక్క మనకి కొత్త కాదు. భరతుడు తెచ్చిన పాదుకలు బంగారు తొడుగువే. అయినా వాటిని అలాగే తీసుకెళ్ళి సింహాసనం మీద పెట్టలేదు. అన్నగారిని ఒక్కసారి వాటి మీద పాదాలు మోపమన్నాడు. మోపిన తర్వాతే అవి పద్నాలుగేళ్ళు రాజ్యమేలాయి. మన రాజమండ్రి దగ్గర సీతానగరంలో పుట్టి, పిఠాపురం ఆస్థానంలో ఉండి 'సాక్షి' వ్యాసాలు రాసిన పానుగంటి లక్ష్మీనరసింహారావు గారు 'పాదుకా పట్టాభిషేకం' అని నాటకమే రాశారు. ఆ పెద్దమనిషి ఇవాళ ఉంటే జంఘాలశాస్త్రి చేత ఈ పెట్టెల మీద ఎంత ఉపన్యాసం చెప్పించేవారో!

నా విమర్శ సారాంశం ఇంతే. జోడుకి కథనిచ్చేది కాలు. రాముడి కాలైనా, ఆటగాడి కాలైనా, మా బావగారి కాలైనా. మా వాడు కొన్నది ఇంకా ఎవరూ రాయని తెల్లకాగితం. దాన్ని రాయకుండా దాచి, మరొకడికి అమ్మితే, వాడూ రాయకుండా దాస్తాడు. చివరికి చదివేది తేమ ఒక్కటే.

ఇంతా రాసి కలం మూయబోతుంటే మా అమ్మ చీర గుర్తొచ్చింది. ఉప్పాడ జాందానీ. రెండువైపులా ఒకేలా కనిపించే బుటాలతో, నెమలికంఠం రంగుది. నా పెళ్ళికి కొనుక్కుని, ఆ ఒక్కరోజు కట్టుకుంది. తర్వాత ఎప్పుడు కట్టుకోమన్నా, "మనవడి పెళ్ళికి కడతాలేవే" అనేది. రెండేళ్ళ కిందట అమ్మ పోయాక బీరువా తీసి ఆ చీర విప్పాను. మడతల వెంబడి గీత గీసినట్టు పట్టు విరిగిపోయి ఉంది. పాత మడత మీదే ఏళ్ళ తరబడి ఉంచేస్తే అంతేనట, అప్పుడప్పుడు విప్పి గాలికి ఆరేసి మడత మార్చాలట. ఆ సంగతి నేత చీరల షాపులో అడిగితే చెప్పారు. అమ్మకి చెప్పేవాళ్ళు లేకపోయారు.

కాబట్టి ఆ కుర్రాణ్ణి వెక్కిరించే హక్కు నాకెక్కడిది? వాడు పెట్టెల్లో దాచాడు, మనం బీరువాల్లో దాస్తున్నాం. వెండి పళ్ళేలు, పింగాణీ కప్పులు, 'మంచిరోజు' చీరలు... ఆ మంచిరోజు ఏ పంచాంగంలోనూ ఉండదు.

వెళ్ళేముందు వాడితో ఒక్క మాటన్నాను. "నీ గదిలో ఇంకా మూడు పెట్టెలున్నాయన్నావుగా, వాటిలో ఒకటి తొడుక్కోరా."

పోయిన ఆదివారం ఫోన్ చేశాడు. ఆఫీసు నుంచి వానలో నడిచొచ్చాడట. "వేళ్ళ దగ్గర ముడత పడిపోయింది పిన్నీ, సగం ధర కూడా రాదింక" అన్నాడు దిగులుగా.

"పడనీరా," అన్నాను, జాందానీ చీరలో పాడుకాని ముక్కతో కుట్టించుకున్న రవికె తొడుక్కుంటూ, "అవి నీవయ్యాయి, అంతే!"