తీర్పుల్లో లేని పుల్లలచెరువు

మా పిల్లల్లో ఒకడు పుల్లలచెరువు మండలంలోని చెంచుగూడెం నుంచి వెళ్లి ఒక పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎల్‌ఎల్‌ఎం చదివాడు. డిసర్టేషన్‌కు నల్లమల చెంచుల అటవీ హక్కులు తీసుకుంటానన్నాడు. "దాని మీద తీర్పులు ఎన్ని ఉన్నాయి?" అని గైడ్ అడిగారు. వెతికితే పనికొచ్చేవి చేతికి రాలేదు. "అయితే సమత కేసు తీసుకో, మెటీరియల్ బాగా ఉంది" అన్నారు. తీసుకున్నాడు, బాగానే రాశాడు, మార్కులూ వచ్చాయి. నల్ల అట్ట వేసి బంగారు అక్షరాలతో బైండు చేయించిన పుస్తకం ఇంటికి తెస్తే, వాళ్ల తాత అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో మనూరు ఎక్కడుందిరా?" అన్నాడు.

లేదు. ఎందుకు లేదన్నదే మా విమర్శ.

గైడును తప్పుపట్టడం తేలిక. మేం ఆ పని చేయం. 2012లో ఏడాది ఎల్‌ఎల్‌ఎంకు మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు యూజీసీ పరిశోధన పద్ధతులను తప్పనిసరి పేపరు చేసింది. అందులో ముఖ్యంగా రెండు దారులు చెబుతారు. చట్టాన్ని, తీర్పులను ముందు పెట్టుకుని వాటి తర్కాన్ని పరీక్షించేది ఒకటి. దాన్ని డాక్ట్రినల్ అంటారు. ఊరికి వెళ్లి ఆ చట్టం ఎలా నడుస్తోందో చూసేది రెండోది. క్లాసులు, పరీక్షలు, డిసర్టేషన్ అన్నీ ఏడాదిలో ముగియాలి. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో తెలియని పిల్లవాడు ఏ దారి పడతాడు? లైబ్రరీ దారే పడతాడు. అక్కడ తీర్పు ఉన్న విషయమే విషయం. తీర్పు లేకపోతే విషయమే లేదు.

సమత తీర్పు 1997లో వచ్చింది. విశాఖ మన్యంలో బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద మొదలైన కేసు అది. షెడ్యూల్డ్ ఏరియాలో భూమిని గిరిజనేతరులకు ఇవ్వకూడదన్న నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. ప్రతి ఆదివాసీ విద్యార్థీ చదవాల్సిన తీర్పే. కానీ పుల్లలచెరువులో నిలబడి చదివితే అందులో మనకు వర్తించేది ఎంత? పశ్చిమ ప్రకాశం షెడ్యూల్డ్ ఏరియా కాదు. 1/70 ఇక్కడ లేదు, 1996 నాటి పీసా చట్టమూ లేదు. కృష్ణకు అవతల అమ్రాబాద్ వైపు చెంచులకు షెడ్యూల్డ్ గ్రామాలున్నాయి, ఇవతల లేవు. శ్రీశైలంలో చెంచుల కోసం ఐటీడీఏ మాత్రం ఉంది! ఒకే అడవి, ఒకే జనం. ఏటికి ఆ ఒడ్డున ఒక చట్టం, ఈ ఒడ్డున ఒక చట్టం. ఇంతకన్నా మంచి పరిశోధన ప్రశ్న ఏముంటుంది?

ఈ మాట మనకూ తగులుతుంది. షెడ్యూల్డ్ ఏరియా బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీఓ 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. మన టీచర్లందరం బాధపడ్డాం, సభలు పెట్టుకున్నాం. ఆ జీఓ మా మండలంలోని బడికి ఒక్కరోజు కూడా వర్తించలేదని ఎందరం గమనించాం?

తీర్పు లేదంటే తగాదా లేదని కాదు. తగాదా హైకోర్టు దాకా పోవాలంటే కాగితం, లాయరు, చార్జీలు, తిరిగే ఓపిక కావాలి. గూడెం తగాదా చాలాసార్లు తహసీల్దారు ఆఫీసు గుమ్మం దగ్గరో, ఫారెస్టు గార్డు దగ్గరో ఆగిపోతుంది. కాబట్టి తీర్పుల సంపుటాలంటే కోర్టు మెట్లు ఎక్కగలిగినవాళ్ల జాబితా. పరిశోధన అక్కడే మొదలై అక్కడే ముగిస్తే, ఎక్కలేనివాళ్లు రెండోసారి కూడా బయటే ఉండిపోతారు.

2006 అటవీ హక్కుల చట్టాన్నే చూడండి. దీనికి షెడ్యూల్డ్ ఏరియా అక్కర్లేదు, మనకు నేరుగా వర్తిస్తుంది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనుడు అడగవచ్చు. సాక్ష్యాల్లో పెద్దవాళ్లు చెప్పిన మాటను రాసి పెట్టినా చెల్లుతుంది. శ్మశానం, బావి, దేవుడి స్థలం కూడా ఆధారాలే. చెంచుల్లాంటి ఆదిమ తెగలకు ఆవాస ప్రాంతం మీదే సామూహిక హక్కు ఉందని సెక్షన్ 3 చెబుతోంది. మధ్యప్రదేశ్‌లో దిండోరి బైగాలు దాన్ని సాధించుకున్నారు. 2019 ఫిబ్రవరి 13న దరఖాస్తులు తిరస్కరించబడినవారిని అడవి నుంచి ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు ఆదేశించి, అదే నెల 28న దాన్ని నిలిపేసింది. అసలు ఏ పద్ధతిలో తిరస్కరించారని రాష్ట్రాలను అడిగింది. గ్రామసభ కూర్చుందా? తిరస్కరణకు కారణం రాసిచ్చారా? అప్పీలుకు 60 రోజులుంటాయని ఎవరైనా చెప్పారా? ఈ జవాబులు ఏ లైబ్రరీలోనూ దొరకవు. గూడెంలో రేకుపెట్టె అడుగున మడత పెట్టిన కాగితాల్లో ఉంటాయి. కాగితమే ఇవ్వలేదంటే, ఆ ఇవ్వకపోవడం కూడా రాసుకోవలసిన సంగతే.

లైబ్రరీని వదిలేయమని మేం అనడం లేదు. మధుర అనే ఆదివాసీ బాలికపై పోలీసుస్టేషన్లో జరిగిన అత్యాచారం కేసులో 1978లో సుప్రీంకోర్టు పోలీసులను విడిచిపెట్టింది. మరుసటి ఏడాది ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఆ తీర్పును వాక్యం వాక్యం చదివి ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతా కదిలింది, 1983లో చట్టం మారింది. వాళ్లు చదివింది అందరి ముందూ ఉన్న తీర్పునే. తేడా అంతా ఎవరి వైపు నుంచి చదివారన్నదే.

ఊరికి పోవడంలోనూ చిక్కుంది. 1943లో హైమెండార్ఫ్ చెంచుల మీద పుస్తకం తెచ్చాడు, తర్వాత ఉస్మానియాలో ఆచార్యుడిగానూ పనిచేశాడు. విలువైన పనే. కానీ అటువంటి పుస్తకాల్లో మనం చూడబడేవాళ్లం, కొలవబడేవాళ్లం. ప్రశ్నావళి పట్టుకుని ఒక పూట వచ్చి, టిక్కులు పెట్టుకుని సాయంత్రం బస్సుకు వెళ్లిపోయే నేటి క్షేత్ర పరిశోధన అంతకన్నా తీసికట్టు. ఇంగ్లీషులో రాసిన ఆ థీసిస్ మళ్లీ గూడెం మొహం చూడదు. మనవాళ్లు రాసినవీ అంతే, ఒప్పుకోవాలి.

ఇప్పుడు ఆ అబ్బాయి పిహెచ్‌డికి సినాప్సిస్ రాస్తున్నాడు. మేం నలుగురం కూర్చుని చదివాం. తాత చెప్పిన సాక్ష్యాన్ని అనుబంధంలో పెట్టాడు, అధ్యాయంలోకి తెమ్మన్నాం. గైడ్ ఒప్పుకోరేమోనన్నాడు. చట్టం నియమాల్లో ఉన్నదాన్ని ఒప్పుకోకపోవడమేమిటని వాదించాం. ఆ పేజీలు తెలుగులో కూడా రాసి గూడెంలో చదివి వినిపిస్తానన్నాడు. తీర్పుల పట్టిక దగ్గర మాత్రం మా మాట ఇంకా కుదరలేదు. ఖాళీగా వదిలేద్దామని అతడు, తిరస్కరణ కాగితాల తేదీలు వేయమని మేం.